ఒమన్ చూడ్డానికి వస్తున్నారా? ముందు శుక్రవారం సంగతి తేల్చుకోండి

మస్కట్ అనే మాట గోదావరి జిల్లాల్లో, కడప వైపు, కరీంనగర్ వైపు చాలా ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. పనికి వెళ్ళడం, రెండేళ్ళకోసారి సెలవు మీద రావడం అందరికీ తెలుసు. చూడ్డానికని వెళ్ళినవాళ్ళు మాత్రం తక్కువ. ఇక్కడే పనిచేస్తూ పదేళ్ళున్నవాళ్ళలో కూడా, కోటా మేకల సంతా ఉన్న నిజ్వా ఊరి మొహం చూడనివాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు.

నేనిక్కడ ఉద్యోగం చేస్తున్నాను. చలికాలం రాగానే ఊరినుంచి ఎవరో ఒకరు దిగుతారు, తిప్పే పని నాది. మొదటిసారి మా అత్తయ్యగారినీ మామయ్యగారినీ తిప్పినప్పుడు చేయగలిగిన తప్పులన్నీ చేశాను. శుక్రవారం పొద్దున్నే పెద్ద మసీదుకి తీసుకెళితే ఆ రోజు మనలాంటివాళ్ళకి లోపలికి ప్రవేశం లేదన్నారు. మర్నాడు నిజ్వా వెళితే సంత నిన్ననే అయిపోయిందన్నారు. అప్పటినుంచి ఎవరొస్తామన్నా నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: శుక్రవారం ఎక్కడుంటారు?

మొదటి మెట్టు: శుక్రవారాన్ని నిజ్వాకి కట్టేయండి

ఇక్కడ వారాంతం శుక్ర, శని. శుక్రవారం పొద్దున నిజ్వాలో మేకల సంత. అదే పొద్దున మస్కట్లో సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదులోకి ముస్లిమేతరులకి అనుమతి ఉండదు. మిగతా రోజుల్లో పొద్దున 8 నుంచి 11 దాకా చూడొచ్చు. ఈ రెండూ సర్దుకుంటే మిగతా ప్రయాణం దానంతటదే కుదురుతుంది.

నేను కట్టే వరస ఇది. ఆదివారం దిగడం. సోమవారం మస్కట్. మంగళవారం సముద్రం పక్కన సూర్ దాకా, రాత్రి తాబేళ్ళు. బుధవారం మధ్యాహ్నం వాదీ బనీ ఖాలిద్, రాత్రి ఇసుక దిబ్బల్లో. గురువారం నిజ్వా చేరడం. శుక్రవారం సంత, ఆ తర్వాత కోట. శనివారం కొండ మీదికి, సాయంత్రానికి మళ్ళీ మస్కట్. మొత్తం మీద వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు తిరుగుతారు. రోడ్లు బాగుంటాయి కాబట్టి అలసట తెలియదు.

రెండో మెట్టు: నెల

అక్టోబర్ చివరి నుంచి మార్చి దాకా రండి. మే, జూన్‌లలో మస్కట్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. దానికి సముద్రపు ఉక్క తోడు. ఆ నెలల్లో పగలు చూసేది కారు అద్దంలోంచే. ఒక్క సలాలాకి మాత్రం లెక్క తిరగబడుతుంది, చివర్లో చెబుతాను. రంజాన్ నెల ఎప్పుడొస్తుందో కూడా చూసుకోండి. ఆ నెలంతా పగలు బయట నలుగురిలో తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు. పిల్లలతో వచ్చేవాళ్ళకి అది కష్టం.

మూడో మెట్టు: వీసా, డబ్బు, పెట్టె

వీసా రాయల్ ఒమన్ పోలీస్ వారి ఈ-వీసా సైట్లో తీసుకోవాలి. నేను చివరిసారి తీసినప్పుడు 10 రోజులది 5 రియాళ్ళు, నెల రోజులది 20. అమెరికా, బ్రిటన్, షెంగెన్ లాంటి వీసా ఉన్న భారతీయులకి 14 రోజుల దాకా వీసా లేకుండానే రానిచ్చే వెసులుబాటు ఉంది. టికెట్ కొనేముందు ఈ నియమాలు ఒకసారి సైట్లో సరిచూసుకోండి, మారుతుంటాయి.

రియాల్‌కి వెయ్యి బైసాలు. ఒక్క రియాల్ 200 రూపాయల పైమాటే. "నాలుగే కదా" అని చేయి జారితే రాత్రి లెక్క చూసుకున్నప్పుడు గుండె జారుతుంది. బైసా అంటే మన పైసానే. 1970 దాకా ఇక్కడ చెల్లింది మన రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం వేరేగా అచ్చేసిన రూపాయి.

పెట్టె సర్దేటప్పుడు అమ్మలు చేసే పని ఒకటి: మసాలా పొడుల్లో గసగసాలు. యూఏఈ, సౌదీ లాంటిచోట్ల అవి మాదకద్రవ్యాల కిందికి వస్తాయి. దుబాయ్ మీదుగా వచ్చేవాళ్ళు సరే, నేరుగా వచ్చేవాళ్ళు కూడా వాటి జోలికి పోవద్దు. రోజూ వేసుకునే మందులకి డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి. ఆడా మగా ఇద్దరూ భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు తెచ్చుకుంటే ఎక్కడా ఇబ్బంది ఉండదు.

నాలుగో మెట్టు: బండి

మస్కట్ ఒకచోట గుట్టగా ఉన్న ఊరు కాదు. కొండలకీ సముద్రానికీ మధ్య తాడులా సాగింది. ఊళ్ళో తిరగడానికి యాప్ టాక్సీలు, మ్వాసలాత్ బస్సులు చాలు. ఊరు దాటాలంటే మాత్రం సొంతంగా కారు అద్దెకి తీసుకోవాలి, లేదా డ్రైవర్‌తో మాట్లాడుకోవాలి. ఇండియాలోనే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రండి. ఇక్కడ బండి నడిపేది కుడివైపున. పెద్ద రోడ్ల మీద వేగం 120 దాకా. కెమెరాలు అడుగడుగునా ఉంటాయి.

కొండకీ ఇసుకకీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్పదు. వారమంతా దాన్నే తీసుకుంటే ఖర్చు. చిన్న కారు తీసుకుని, ఇసుకకి క్యాంపువాళ్ళ బండి, జబల్ అఖ్దర్ కొండ‌కి కింద దొరికే బండి మాట్లాడుకోవడం చవక. నేను చేసేది ఇదే.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. వాదీ అంటే రాయలసీమవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, వంక. చాలావాటిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి గులకరాళ్ళు తేలి ఉంటాయి. పైన ఎక్కడో కొండ మీద వాన పడుతుంది, మీ నెత్తిన ఆకాశం నీలంగానే ఉంటుంది. బండరాయి నేల నీటిని పీల్చదు కాబట్టి ఉన్నదంతా ఒక్కసారిగా మీదికి వస్తుంది. ప్రతి ఏడూ ఇలాంటి నీళ్ళలోకి బండి దించి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళుంటారు. పారుతున్న వాదీని దాటడం ఇక్కడ శిక్షపడే నేరం కూడా. వాన సూచన ఉంటే ఆ రోజు వాదీల్ని పక్కనబెట్టి మ్యూజియంకి వెళ్ళండి.

ఐదో మెట్టు: మస్కట్‌కి ఒక రోజు

8 గంటలకల్లా గ్రాండ్ మసీదు దగ్గరుండండి. ఆడవాళ్ళు జుట్టు కనబడకుండా తలకి చున్నీ కట్టుకోవాలి, చేతులు మణికట్టు దాకా, కాళ్ళు చీలమండ దాకా కప్పుకోవాలి. చీర కట్టుకొస్తే నడుము దగ్గర పేచీ వస్తుంది, సల్వార్ మేలు. 2001లో తెరిచిన ఈ మసీదు రాయి మన దేశం నుంచి వచ్చిందే, దాదాపు 3 లక్షల టన్నుల ఇసుకరాయి. పెద్ద హాల్లో పరిచిన ఒకేఒక్క తివాచీ బరువు 21 టన్నులు. ఇరాన్ నేతగత్తెలు నాలుగేళ్ళు కూర్చుని 170 కోట్ల ముళ్ళు వేశారు. పైన 14 మీటర్ల షాండ్లియర్. జనమంతా దాన్ని ఫోటో తీయడానికి మెడలు విరుచుకుంటారు. నన్నడిగితే బయట వసారాల్లో ఒక్కొక్క గూటికీ ఒక్కో దేశపు శైలిలో చేసిన పలకల పని దగ్గర ఎక్కువసేపు నిలబడండి.

ఎండ ఎక్కాక నేషనల్ మ్యూజియం. దానికి ఎదురుగానే అల్ ఆలం ప్యాలెస్, రెండు పక్కలా జలాలీ, మిరానీ కోటలు. ప్యాలెస్ లోపలికి పోనివ్వరు కాబట్టి అక్కడ పావుగంట చాలు. పెద్దవాళ్ళుంటే ఆ దగ్గర్లోనే వందేళ్ళు పైబడిన శివాలయం ఉంది. 2018లో ప్రధాని మోదీ వచ్చినప్పుడు ఇక్కడే దర్శనం చేసుకున్నారు. మా అత్తయ్యగారు మస్కట్ మొత్తంలో గుర్తుపెట్టుకున్నది ఈ గుడినే.

సాయంత్రం ముత్రా బజారు. మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు, కాబట్టి 5 తర్వాతే వెళ్ళండి. సముద్రం వైపు ద్వారం దగ్గర ఉన్నవన్నీ పర్యాటకుల సరుకులు, అందులో సగం మన దేశం నుంచే వచ్చినవి. వాటిని దాటి లోపలి సందుల్లోకి పోతే లుబాన్ అనే సువాసన బంక పొగ ముక్కుకి తగులుతుంది. లుబాన్ మన సాంబ్రాణి కాదు, చెట్టు వేరు, వాసనలో కాస్త నిమ్మ పులుపు ఉంటుంది. కొనేటప్పుడు పసుపచ్చగా మట్టిపట్టినవి కాకుండా, లేత ఆకుపచ్చ ఛాయతో వెలుతురు దూరే ముక్కలు ఏరుకోండి. బేరం ఆడండి, ఎవరూ ఏమీ అనుకోరు. తిండికి రువీ వైపు వస్తే ఇడ్లీ, దోసెలకి కొదవలేదు.

ఆరో మెట్టు: సముద్రం పక్కన

మంగళవారం పొద్దున 6కే బయల్దేరండి. సుమారు 120 కిలోమీటర్లు పోయాక బిమ్మా గొయ్యి వస్తుంది. ఆకాశం నుంచి చుక్క రాలి పడ్డ గుంట అని స్థానికులంటారు. నిజానికి కింద సున్నపురాయి కరిగి పైకప్పు కూలిపోయింది. మెట్లు దిగితే అడుగున పచ్చనీలి నీళ్ళు. చిన్న చేపలు పాదాలని గిల్లుతుంటాయి. అరగంట చాలు.

అసలు సంగతి అక్కడికి పావుగంటా ఇరవై నిమిషాల దూరంలో ఉన్న వాదీ షాబ్. హైవే వంతెన కింద బండి ఆపితే, పడవవాడు రానూపోనూ ఒక్క రియాల్‌కి అవతలి ఒడ్డున దింపుతాడు. అక్కడినుంచి ముప్పావుగంట నడక. మొదట ఖర్జూర తోటలు, తర్వాత రెండు పక్కలా నిలువు కొండలు, ఆ కొండ అంచునే ఒక మనిషి పట్టే దారి. దారి ఆగిన చోట నీళ్ళలోకి దిగాలి. ఒక మడుగు దాటి ఇంకో మడుగు, కొన్నిచోట్ల కాళ్ళకి నేల అందదు. ఆఖర్న రాతిలో సన్నటి చీలిక. తల పట్టేంతే సందు, చెవులు నీళ్ళలో, ముక్కు మాత్రం పైన. అలా నాలుగు బారలు పోతే లోపల గుహ, గుహలో జలపాతం. మా బావమరిది కృష్ణలో ఈదినవాడే అయినా ఆ చీలిక దగ్గర వెనక్కి తిరిగాడు, అందులో సిగ్గు లేదు. ఈత రానివాళ్ళు మొదటి మడుగు దగ్గరే ఆగాలి. కాళ్ళకి జారని చెప్పులు, ఫోన్‌కి నీళ్ళు పోని సంచి, వెంట మంచినీళ్ళ సీసా తప్పనిసరి.

సూర్‌లో చెక్క ఓడలు కట్టే యార్డు చూసి, చీకటి పడేలోగా రాస్ అల్ జిన్జ్ చేరండి. అక్కడ పచ్చ తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. గైడ్ లేకుండా పోనివ్వరు, ముందే బుక్ చేసుకోవాలి. రాత్రి 9 ప్రాంతంలో ఒక జట్టు, తెల్లవారుజామున ఇంకోటి. నా ఓటు తెల్లవారుజాముకే, మసక వెలుతురులో తాబేలు సముద్రంలోకి తిరిగి వెళ్ళడం కనబడుతుంది. వెనక తెడ్లతో గొయ్యి తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వంద కిలోలు దాటిన ఒళ్ళు ఈడ్చుకుంటూ పోతుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే అందరూ అయ్యో అంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా వదిలించుకుంటుంది, అంతే. ఎక్కువగా వచ్చేది ఎండాకాలంలో. చలికాలంలో ఒకటీ అరా, ఒక్కోసారి అదీ ఉండదు. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

ఏడో మెట్టు: ఇసుక

వాదీ బనీ ఖాలిద్‌కి మెలికల కొండ దారి. పెద్ద మడుగు పక్కన హోటల్, నీడ, మెట్లు అన్నీ ఉన్నాయి. వాదీ షాబ్ చేతకానివాళ్ళకి ఇదే మేలు. నీళ్ళలో దిగేటప్పుడు ఈత బట్టల మీద చొక్కా ఉండాలి. అక్కడ ఊరివాళ్ళ కుటుంబాలుంటాయి.

సాయంత్రం 4కి బిదియా చేరి క్యాంపువాళ్ళ బండి ఎక్కండి. షర్ఖియా ఇసుక సుమారు 12,500 చదరపు కిలోమీటర్లు, దిబ్బలు కొన్ని వంద మీటర్ల ఎత్తు. దిగే ముందు డ్రైవర్ టైర్లలో గాలి సగానికి సగం తీసేస్తాడు, టైరు పరుచుకుంటేనే ఇసుకలో కూరుకుపోదు. ఒకసారి మా స్నేహితుడొకడు "నాకు తెలుసులే" అని తన కారే దించాడు. రెండు వందల మీటర్లు కూడా పోలేదు. ఒక బెదూ (ఎడారి తెగ) కుర్రాడు వచ్చి లాగేదాకా గంటన్నర ఆ ఇసుకలోనే. డబ్బులిస్తే తీసుకోలేదు, కాఫీకి రమ్మన్నాడు.

క్యాంపుల్లో డాన్సులు, మ్యూజిక్ ఉన్నవి వద్దు. దీపాలు తక్కువున్నది చూసుకోండి. రాత్రి చలి వేస్తుంది, స్వెట్టర్ ఉండాలి.

ఎనిమిదో మెట్టు: నిజ్వా

గురువారం దారిలో సినావ్ ఊరి సంత తగిలేలా పోతే బెదూ ఆడవాళ్ళు ముక్కూ నుదురూ కప్పే ముసుగులతో ఒంటెల్నీ మేకల్నీ అమ్మడం చూడొచ్చు. మధ్యాహ్నానికి నిజ్వా.

శుక్రవారం 7 లోపే సంతలో నిలబడాలి. గుండ్రటి అరుగు, లోపలి వలయంలో కొందరు, బయటి వలయంలో కొందరు కొనేవాళ్ళు. మధ్యలో ఉన్న దారిలో అమ్మేవాళ్ళు మేకల్ని తాడుతో లాక్కుంటూ, ధర అరుస్తూ చుట్టూ తిరుగుతూనే ఉంటారు. నచ్చినవాడు చేయి ఊపుతాడు. మేక ఆగుతుంది. పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు, వెన్ను తడుముతాడు, పొదుగు నొక్కుతాడు, తల అడ్డంగా ఊపుతాడు. మేక మళ్ళీ తిరగడం మొదలు. మన పశువుల సంత తెలిసినవాళ్ళకి భాష రాకపోయినా బేరమంతా అర్థమైపోతుంది. మగవాళ్ళు తొడిగే పొడుగాటి తెల్లటి దిష్‌దాషాల మెడ దగ్గర వేలాడే చిన్న కుచ్చుని అత్తరులో ముంచుతారు, మేకల వాసన మధ్య ఆ గుప్పు అప్పుడప్పుడు తగులుతుంది. దారికి అడ్డంగా నిలబడొద్దు, ఆడవాళ్ళ ఫోటో అడక్కుండా తీయొద్దు. 9 దాటితే సగం ఖాళీ.

పక్కనే కోట. 17వ శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ 12 ఏళ్ళు కట్టించాడు. పెద్ద గుండ్రటి బురుజు ఎక్కే మెట్లు మలుపు తిరిగిన ప్రతిచోటా తలుపు, తలుపు నెత్తిన కన్నం. శత్రువు వస్తే అందులోంచి సలసల మరిగే ఖర్జూర పాకం పోసేవారు. ఆ పాకం ఎక్కడిదంటే, కింద ఖర్జూరాల గదిలోకి వెళ్ళండి. నేలంతా గాళ్ళు తీసి ఉంటుంది. దాని మీద ఖర్జూరం బస్తాలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే, బరువుకి కారిన పాకం ఆ గాళ్ళవెంట పోయి కుండలో పడుతుంది. తిండీ అదే, ఆయుధమూ అదే. టైముంటే 45 నిమిషాల దూరంలో జబ్రీన్ కోట చూడండి, పైకప్పుల మీద రంగుల పని అక్కడే ఉంది. బహ్లా కోట 1987లో యునెస్కో జాబితాకి ఎక్కింది, పెద్దది, కానీ లోపల బోసిగా ఉంటుంది. ఒక్కటే చూడగలిగితే జబ్రీన్‌కే నా సలహా.

నిజ్వా వచ్చినవాళ్ళు చాలామంది చూడకుండా పోయేది ఫలజ్. నాకు ఈ దేశంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. కొండ అడుగున తల్లి బావి తవ్వుతారు. అక్కడినుంచి నేల కింద సొరంగం, వాలు ఎంత తక్కువంటే నీళ్ళు పరిగెత్తకుండా నడిచొస్తాయి. మోటారు లేదు, తోడే పని లేదు. ఊళ్ళోకి వచ్చాక మొదట తాగడానికి, తర్వాత మసీదుకీ స్నానాలకీ, ఆ తర్వాతే ఖర్జూర తోటలకి. ఒక్కో కుటుంబానికి వంతు ఉంటుంది. ఒక వంతు సుమారు అరగంట. పగలు పాతిన కర్ర నీడని బట్టి, రాత్రి చుక్కల్ని బట్టి లెక్కగట్టేవారు. మన చెరువుల కింద నీరుగంటి చేసిన పనే ఇక్కడ ఫలజ్ పెద్ద చేస్తాడు. మూడు వేలకి పైగా ఫలజ్‌లు ఇప్పటికీ పారుతున్నాయి. అందులో అయిదింటిని యునెస్కో 2006లో గుర్తించింది, ఒకటి నిజ్వాలోనే ఉన్న ఫలజ్ దారిస్. టికెట్ లేదు. మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోండి.

ఆ సాయంత్రం మిస్ఫా అల్ అబ్రియీన్ అనే కొండ ఊరికి వెళితే మట్టి ఇళ్ళ మధ్య నుంచే కాలువ పారుతుంటుంది. ఎవరైనా కాఫీకి పిలిస్తే కాదనొద్దు. యాలకులు వేసిన చక్కెర లేని కహ్వా, పక్కన ఖర్జూరం. గిన్నె ఖాళీ అయినకొద్దీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే గిన్నెని అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఈ సంగతి తెలియక మా మామయ్యగారు ఏడు గిన్నెలు తాగారు.

తొమ్మిదో మెట్టు: కొండ

జబల్ అఖ్దర్‌కి బిర్కత్ అల్ మౌజ్ దాటగానే పోలీసు చౌకీ ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోతే అక్కడినుంచే వెనక్కి. పైన 2,000 మీటర్ల ఎత్తున కింది కంటే పది పదిహేను డిగ్రీలు తక్కువ. మార్చి చివర్లో, ఏప్రిల్లో వస్తే గులాబీలు కోసి బట్టీ పెట్టి పన్నీరు తీయడం చూడొచ్చు. దిగేటప్పుడు లో గేర్ వాడండి. బ్రేకు మీదే కాలుంచితే సగం దారిలో కాలిన వాసన వస్తుంది.

సలాలా వేరే ప్రయాణం

మస్కట్ నుంచి వెయ్యి కిలోమీటర్లు, విమానమే మేలు. జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ ఖరీఫ్, మన రుతుపవనం కొసకి తగిలే జల్లు. పంట పేరుగా మనం వాడే మాట అక్కడ కాలం పేరు. కొండలు పచ్చబడి, వాదీ దర్బాత్‌లో జలపాతాలు దూకుతాయి. రోడ్డు పక్కన కొబ్బరిబొండాలు, అరటిగెలలు వేలాడేసిన కొట్లు చూసి మా ఇంటావిడ "ఇంతదూరం వచ్చి కోనసీమ చూడ్డమేంటి" అంది. గల్ఫ్ అంతా అప్పుడు అక్కడికే వస్తుంది కాబట్టి గదులు రెండు మూడు నెలల ముందే తీసుకోండి.

తిరుగు ప్రయాణానికి ఒమనీ హల్వా కొంటారు, తప్పకుండా కొనండి. మన మాడుగుల హల్వాకి పన్నీరు, కుంకుమపువ్వు తగిలినట్టుంటుంది. దాన్ని చేతిసంచిలో పెట్టొద్దు. మెత్తటి ముద్ద కాబట్టి స్కానర్ దగ్గర పక్కన పెట్టించే అవకాశం ఉంది. మూత చుట్టూ టేపు వేసి పెద్ద పెట్టెలో, బట్టల మధ్య పడేయండి.